బీరువాలో టెన్త్ మెమోలు

రాకేష్‌ను పనిలోంచి తీసేసింది అతనికి పని వచ్చినందుకు. ఈ మాట విని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ రోజు పొద్దున ఆరు గంటలకు సుల్తాన్‌పూర్ సిరంజీల కంపెనీ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళెవరికీ నవ్వు రాలేదు.

కంపెనీ బస్సు దిగి ఒక్కొక్కరే కార్డు చూపించి లోపలికి పోతున్నారు. రాకేష్ కార్డు పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది. సెక్యూరిటీ గార్డు పక్కకు జరగమన్నాడు. అతని వెనకే వనజ నిలబడి ఉంది. ఇంతలో లోపలి నుంచి లేబర్ కాంట్రాక్టరు శ్రీకాంత్ వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో చాయ్ కప్పు.

"ఏం రాకేషు, టెన్త్ పాసని చెప్పినవ్ గదా నాకు. మరి బీటెక్కెప్పుడు చేసినవ్?"

"చేసిన అన్నా. చేస్తే ఏమైంది?"

"ఏమైందా? అబద్ధమాడినవ్. అబద్ధమాడినోన్ని కంపెనీ పెట్టుకోదు. ఇగ పో."

"పోత. నా టెన్త్ మెమో నాకియ్యి, పోత."

"అది ఆఫీసుల ఉంటది. నేను ఫోన్ చేస్త, అప్పుడు రా." శ్రీకాంత్ చాయ్ తాగుతూనే లోపలికి పోయాడు. రాకేష్ గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. లైను కదిలింది. వనజ కూడా కదిలింది. అతని ముఖం చూడకుండా తల దించుకుని పోయింది.

దీనికంతా కారణం ముందు రోజు మధ్యాహ్నం జరిగిన సంగతి. సిరంజీలో పిస్టన్ అమర్చే పెద్ద మిషను ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చాయి. నలభై మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. మెయింటెనెన్స్ వాళ్ళు గంటసేపు విప్పిందే విప్పి బిగించిందే బిగించారు. పుణెలో ఉన్న ఇంజనీరు ఫోన్ ఎత్తలేదు. చివరికి డబ్బాలు మోసే రాకేష్ ముందుకొచ్చి, గాలి లాగే గొట్టం దగ్గరి సెన్సర్ మీద నూనె పేరుకుందని, తుడిస్తే చాలని చెప్పాడు. తుడిచారు. మిషను నడిచింది. మేనేజర్ సంబరపడిపోయి "నీకెలా తెలుసయ్యా?" అని అడిగాడు. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు, రెండేళ్ళుగా ఒక్క మంచి మాట విననివాడు, ఆగలేకపోయాడు. "బీటెక్ మెకానికల్ సార్" అన్నాడు. ఆ ఒక్క మాటతో కొంప మునిగింది.

ఆ తెర వనజ కూడా చదివింది. ఆమెకూ అర్థమైంది. కానీ నోరు విప్పలేదు. వనజ ఎమ్మెస్సీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాస్. కాంట్రాక్టరు రిజిస్టర్లో మాత్రం టెన్త్ పాస్.

చదువు దాచుకునే అలవాటు ఈ పటాన్‌చెరు, ఇస్నాపూర్ పక్కల ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. కాంట్రాక్టు పనికి పదో తరగతి వాళ్ళే కావాలి. డిగ్రీ వాళ్ళు ప్రశ్నలు వేస్తారు, చట్టాలు మాట్లాడతారు, ఇంతకన్నా మంచిది దొరకగానే పోతారు. అందుకని పట్టాలన్నీ ఇంట్లో బట్టల కింద పెట్టి, టెన్త్ మెమో ఒక్కటి పట్టుకుని ఇస్నాపూర్ చౌరస్తాలో టైర్ల దుకాణం పైనున్న శ్రీకాంత్ ఆఫీసుకు పోవాలి. అతను ఒరిజినల్ తీసి బీరువాలో పెట్టుకుని జిరాక్సు చేతికిస్తాడు. మధ్యలో పారిపోకుండా తాకట్టన్నమాట. మేకను గుంజకు కట్టేసినట్టు మనిషిని ఆ కాగితానికి కట్టేస్తాడు. దాని మీద పుట్టిన తేదీ ఉంటుంది. ఏ సర్కారు నౌకరీకి పోయినా, ఏ బ్యాంకుకు పోయినా మొదట అడిగేది అదే.

వనజ మొదట్లో పట్టా పట్టుకునే తిరిగింది. ఆ చుట్టుపక్కల మందుల కంపెనీలకు కొదవలేదు. ఒకచోట ఆధార్ కార్డు చూసి "వెలిమెలా? లోకల్ వాళ్ళను తీసుకోవడం లేదమ్మా" అన్నారు. లోకల్ వాళ్ళయితే ఊళ్ళో ప్రతి పెళ్ళికీ చావుకూ సెలవడుగుతారట, గట్టిగా ఒక మాటంటే ఊరు ఊరంతా గేటు మీదికి వస్తుందట. ఇంకోచోట కాలేజీ పేరు చూసి ఫైలు మూసేశారు. మరోచోట ఆమె ఇంగ్లీషు విని ఇద్దరు ముఖాముఖాలు చూసుకున్నారు. తండ్రి ఎల్లయ్యకు కాలు విరిగినప్పుడు ఏడాదిపాటు ఇంట్లో ఉండి చూసుకుంది కదా, ఆ ఏడాది ఏం చేశావని నాలుగు చోట్ల నిలదీశారు. తండ్రికి చాకిరీ చేశానంటే అది అనుభవం కిందికి రాదు. ఇవేవీ మార్కుల జాబితాలో ఉండవు. పాఠం చెప్పిన సార్లు కూడా ఎన్నడూ చెప్పలేదు. పదిహేడేళ్ళు పుస్తకాల ముందు కూర్చోబెట్టి, చివరికి ఊరి పేరు చూసి బయటికి పంపిస్తారా అని వనజకు ఒళ్ళు మండిపోయేది. మండీ మండీ చల్లారాక, టెన్త్ మెమో తీసుకుని చౌరస్తాకు పోయింది.

ఆనాటి నుంచి రెండేళ్ళు గౌను, టోపీ, మాస్కు. ముఖంలో కళ్ళు తప్ప ఏమీ కనబడవు. పక్కన నిలబడి పనిచేసే మనిషి ఏం చదివిందో అడగదు, తను చెప్పదు. ఎవరి చదువు వాళ్ళు లోపల దాచుకుని, ఇంత చదివి ఈ పనికి వచ్చింది నేనొక్కదాన్నే కాబోలని ఎవరికి వాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?

రాకేష్ పోయిన మూడో రోజు వనజ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ప్రభుత్వ ల్యాబుల్లో అనలిస్టు పోస్టులు. ఎన్నో ఏళ్ళ తర్వాత పడ్డ నోటిఫికేషన్. పరీక్ష రాసి ఏడాదైంది, ఆమె ఆశ వదిలేసుకుంది. ఇప్పుడు సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు. వచ్చే గురువారం, పది గంటలకు, హైదరాబాద్‌లో. ఒరిజినల్స్ లేకుంటే పేరు కొట్టేస్తారు, మళ్ళీ గడువు ఉండదు. ఇంకో నోటిఫికేషన్ మళ్ళీ ఎన్నేళ్ళకు పడుతుందో తెలియదు.

డ్యూటీ దిగి నేరుగా టైర్ల దుకాణం మెట్లెక్కింది.

"అన్నా, నా టెన్త్ మెమో జెర కావాలె. గురువారం పనుంది. శుక్రవారం మళ్ళ తెచ్చిస్త."

"ఏం పని?"

అబద్ధం చెబుదామనుకుంది. పాస్‌పోర్టు, బ్యాంకు లోను, ఏవేవో నోటిదాకా వచ్చాయి. చెప్పలేకపోయింది. ఉన్నది చెప్పేసింది. శ్రీకాంత్ కోపం తెచ్చుకోలేదు. లేచి బీరువా తలుపు తెరిచాడు. మూడు అరల నిండా మెమోలే. కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఒక్కో కట్ట మీద ఒక్కో కంపెనీ పేరు రాసి ఉంది. ఒక కట్టలోంచి ఆమెది లాగి బల్ల మీద పెట్టాడు. దాని మీద తన పేరు, నాన్న పేరు చూసి వనజకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాపేలోగా శ్రీకాంత్ దాని మీద తన అరచెయ్యి పెట్టాడు.

"ఇస్త చెల్లె. మనూరి పిల్లవు, నీ మంచి కోరెటోన్నే. కానీ ఆ రాకేష్ లేబర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టిండు. నేను ఒరిజినల్స్ గుంజుకున్ననంట. నువ్వు ఈ కాయితం మీద సంతకం పెట్టు. ఒరిజినల్స్ ఎవ్వరి తాన తీసుకోలేదని, వాడే అబద్ధమాడిండని. ఇంతే. నాకు ఒక్క సంతకం, నీకు సర్కారు నౌకరి."

"ఆలోచించుకుంట అన్నా."

"ఆలోచించుకో. బుధవారం సాయంత్రం దాక టైముంది."

ఇంటికి పోయి చెబితే ఎల్లయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు. వెలిమెలలో తను దున్నిన చెలక మీద లేచిన విల్లాలకు ఇప్పుడు తనే వాచ్‌మన్. అందరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడే మనిషి. "పెట్టి తెచ్చుకో బిడ్డా. ఆ పిల్లగానికి నువ్వేం జేస్తవ్? నువ్వన్న బయట పడు" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది? వనజ కూడా సంతకం పెట్టాలనే అనుకుంది. ఈ సంగతి దాచి చెబితే ఆమె గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది.

శనివారం క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక ఇటూ అటూ కలుపుతుంటే, లైన్ మీద ఆమె పక్కనే పనిచేసే రమ్యశ్రీ ఎదురుగా కూర్చుని, ఏమైందని అడిగింది. రమ్యశ్రీ వాళ్ళది గోదావరి వైపు. తండ్రి వీర్రాజు ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడి రిటైరయ్యాడు. వనజ చెప్పకూడదనుకుంటూనే మొత్తం చెప్పేసింది. ఎమ్మెస్సీ సంగతి కూడా.

రమ్యశ్రీ అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లిగా అంది. "నాది బీటెక్, ఈసీఈ. నా మెమో కూడా ఆ బీరువాలోనే ఉంది."

"నువ్వు బీటెక్కా? రెండేండ్ల నుంచి పక్కపక్కనే ఉంటున్నం గదనే."

"నువ్వు చెప్పావా ఏంటి నాకు?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే పక్క బల్ల దగ్గరి అబ్బాయి తల తిప్పి "నాది ఎంకాం" అన్నాడు, ఎవరూ అడగకుండానే. అతని వెనక నుంచి ఇంకెవరో "బీఫార్మసీ" అన్నారు. అన్నం గంట అయిపోయేసరికి పదకొండు మంది తేలారు. టోపీలు పెట్టుకుని మళ్ళీ లైన్ మీదికి పోతుంటే, వనజకు ఆ తెల్ల గౌన్ల వరస మొదటిసారి చూస్తున్నట్టు అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఇస్నాపూర్‌లో రాకేష్ కిరాయికుండే ఇంటి మేడ మీద కూర్చున్నారు. నీడ కోసం రెండు చీరలు కట్టారు. ముప్పై ఒక్క మంది వచ్చారు. రమ్యశ్రీ తండ్రి వీర్రాజును కూడా తీసుకొచ్చింది. ఆయన తన ప్లాంటులో యూనియన్ పని చేసిన మనిషి. ఎవరేం చదివారో చెప్పమన్నాడు. ఒక్కొక్కరే చెబుతుంటే మొదట్లో ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. సగం అయ్యేసరికి చప్పట్లు ఆగిపోయాయి. ఇన్ని చదువులు కలిపి చేస్తున్నది సూది టోపీలు లెక్కపెట్టడం.

రాకేష్ లేచాడు. "ఇది చదువుకున్నోళ్ళ పోరాటం. మన చదువుకు తగ్గ పోస్టులియ్యమని అడగాలె. మనం హెల్పర్లం కాదు."

గోడ దగ్గర కూర్చున్న పుష్పమ్మ ముందుకు జరిగింది. ప్యాకింగ్‌లో తొమ్మిదేళ్ళ నుంచి ఉన్న మనిషి. ఈ పట్టభద్రులందరికీ పని నేర్పింది ఆమే.

"మీరు హెల్పర్లు కాదు. మరి నేనేంది?" అంది. "మీ కాయితాలు మీకు రాంగనే మీరు పోతరు. నాకేమొస్తది? మీ కాయితాలు బీరువాల ఉన్నయ్, ఏడున్నయో మీకెర్క. తొమ్మిదేండ్లయింది, ఆ కంపెనీల నేను పనిచేసినట్టు నా తాన చిట్టీ ముక్క లేదు. రేపు చెయ్యి మిషన్ల వడితే నేనెవరో కంపెనీకి తెల్వదంటది. గది అడుగుతర మీరు?"

ఒడిశా నుంచి వచ్చిన బిజయ్ సగం హిందీ, సగం తెలుగులో అందుకున్నాడు. "మేరా మెమో నహీ హై. ఆధార్ ఉంది వహా, బీరువల. ఊర్ల అమ్మకి బాగలేదు, రైలు టికెట్ కోసం అడిగిన, ఇయ్యలే. అమ్మ చచ్చిపోయినంక ఇచ్చిండు."

రాకేష్ కూర్చున్నాడు. కొంచెంసేపటికి తలెత్తి "తప్పు మాట్లాడిన అక్కా" అన్నాడు.

తర్వాత గంటసేపు వాదులాడుకున్నారు. మేనేజర్‌ను పట్టుకుందామన్నారు, ఎమ్మెల్యే దగ్గరికి పోదామన్నారు. ఒకరిద్దరు భయమేసి మెట్లు దిగి పోయారు కూడా. చివరికి మూడు మాటలు తేలాయి. అందరి కాగితాలు అందరికీ వెనక్కివ్వాలి. రాకేష్‌ను తీసుకోవాలి, చదువు దాచినందుకు ఇంకెవరినీ తీయకూడదు. పుష్పమ్మతో మొదలుపెట్టి లైన్ మీద ఉన్న ప్రతి మనిషికీ కంపెనీ పేరుతో నియామక పత్రం ఇవ్వాలి.

వీర్రాజు ఒక తెల్ల కాగితం తీశాడు. "సంతకాలు కింద వరసగా పెట్టకండమ్మా. మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళ మెడకే చుడతారు. మా రోజుల్లో ఇలా చేసేవాళ్ళం" అంటూ మధ్యలో చిన్న సున్న గీసి, దాని చుట్టూ గుండ్రంగా సంతకాలు పెట్టమన్నాడు. ఏ వైపు తిప్పినా మొదలు కనబడదు.

కాగితం వనజ దగ్గరికి వచ్చింది. ఆమె కలం పట్టుకుని ఆగింది. "ముందుగాల ఒక మాట చెప్పాలె" అని శ్రీకాంత్ చూపించిన కాగితం సంగతి చెప్పింది. రాకేష్ ముఖం నల్లబడింది.

"పెట్టినవా సంతకం?"

"ఇంక పెట్టలే. పెట్టాలనే ఉన్నది. ఉత్తగ చెప్తలేను, గది పోతే నాకు మళ్ళ రాదు."

"అంటే నన్ను అబద్ధాలకోరును చేసి నువ్వు నౌకరికి పోతవ్."

"పోనీరా" అంది పుష్పమ్మ. "ఒక్కరన్న ఈ బురదల కెల్లి పోనీ. దాని సంతకం లేకున్నా మనం కొట్లాడొచ్చు."

రమ్యశ్రీ మాత్రం వనజ కళ్ళలోకి చూసింది. "నువ్వు రాసిచ్చాక లేబర్ ఆఫీసులో మా మాట ఎవడు వింటాడే?" అంది. వనజ తల వంచుకుంది. ఆ సున్న చుట్టూ ఖాళీగా ఉన్న చోట తన పేరు రాసింది. రాశాక కూడా ఆమెకు ధైర్యం రాలేదు.

సోమవారం ఆ కాగితం కంపెనీ హెచ్‌ఆర్ హరినాథ్ బల్ల మీదికి పోయింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మొదలు దొరక్క, పక్కన పెట్టాడు. "చూడండి, మీరు మా ఉద్యోగులు కారు. మీ కాంట్రాక్టర్‌తో మాట్లాడుకోండి. మా దగ్గర మీ పేర్లే లేవు" అన్నాడు మర్యాదగా. శ్రీకాంత్‌ను అడిగితే "కంపెనీ రూలు, నా చేతుల ఏముంది?" అన్నాడు. లేబర్ ఆఫీసులో పదిహేను రోజుల తర్వాత రమ్మన్నారు. మెమో పోయిందని ఠాణాలో రాయించుకుంటే డూప్లికేట్ వస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. ఎక్కడుందో తెలిసిన కాగితాన్ని పోయిందని ఎట్లా రాయిస్తారు? అది వచ్చేదాకా గురువారం ఆగుతుందా?

బుధవారం పొద్దున ఆరు గంటలకు బస్సు దిగినవాళ్ళు గేటు లోపలికి పోలేదు. గేటు ముందు సిమెంటు రోడ్డు మీద కూర్చున్నారు. డిగ్రీల జిరాక్సులు పిన్నీసులతో ఛాతీ మీద గుచ్చుకున్నారు. రాకేష్ బీటెక్ ఒకపక్క, బీఫార్మసీ ఒకపక్క. పుష్పమ్మ తెల్ల కాగితం గుచ్చుకుంది, దాని మీద ఏమీ రాయలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "నా తొమ్మిదేండ్ల సర్వీసు" అని చెప్పింది. దారిన పోయే లారీల వాళ్ళు దిగి చదువుతున్నారు. ఒక డ్రైవర్ వనజ కాగితం చదివి, ఏమనుకున్నాడో, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. లోపల మిషన్లు ఆగాయి. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు వాళ్ళు వచ్చి కాసేపు దూరంగా నిలబడ్డారు. అందులో కొందరు వెనక్కి పోయారు. మిగిలినవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు డెబ్బై మందికి పైనే.

"ఎవరయ్యా మీ లీడర్? ఒక్కరు లోపలికి రండి, మాట్లాడదాం" అన్నాడు హరినాథ్ గేటు చువ్వల వెనక నిలబడి.

"లీడర్ లేడు సార్. మాట్లాడేదుంటే మీరే బయటికి రాండ్రి, అందరం వింటం" అంది పుష్పమ్మ.

నాలుగు గంటలకు శ్రీకాంత్ వచ్చాడు. నేరుగా వనజ దగ్గరికి నడిచాడు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరులో ఆమె మెమో, ఇంకో చేతిలో ఆ కాగితం. అందరూ వినేటట్టే మాట్లాడాడు. "రేపు పది గంటలకు హైద్రాబాద్‌ల ఉండాలె గద చెల్లె. వీళ్ళ కోసం నీ బతుకు పాడు చేసుకుంటవా? వీళ్ళల్ల ఒక్కరన్న నీకు తిండి పెడ్తరా? సంతకం పెట్టు, తీస్కపో. నీ నాయిన గూడ ఫోన్ చేసి అడిగిండు నన్ను."

తండ్రి ఈ మనిషిని బతిమాలాడని వినగానే వనజకు కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. మెమో కళ్ళ ముందే ఉంది. పదో తరగతిలో ఆమె ముఖం, రెండు జడలు, ఫోటో మీద స్కూలు ముద్ర. చెయ్యి చాపితే అందుతుంది. రాకేష్ చూపు తిప్పుకుని "తీస్కో వనజక్కా. నేనేమన్న అనుకోను" అన్నాడు. ఆ మాట అతను నిజంగానే అన్నాడు. అందుకే ఆమెకు మరీ కష్టమైంది.

"అన్నా" అంది వనజ. "ఇది నా కాయితం. నా కాయితం నాకియ్యడానికి నువ్వు బదులు రాకేష్‌ను అడుగుతున్నవ్. రేపు ఇంకొకరికి వాళ్ళ కాయితం ఇయ్యడానికి నన్ను అడుగుతవ్. బీరువ మొత్తం తెరిస్తే తీసుకుంట. ఒక్కటి తీసుకోను."

"మళ్ళ ఆలోచించుకో."

"అయిదారు దినాల సంది అదే ఆలోచిస్తున్న. ఇగ అయిపోయింది."

శ్రీకాంత్ కవరు చంకలో పెట్టుకుని కారెక్కాడు. కారు పోయేదాకా వనజ నిలబడే ఉంది, తర్వాత వచ్చి పుష్పమ్మ పక్కన కూర్చుంది. పుష్పమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల ఏం పోగొట్టుకుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

గురువారం తొమ్మిదింటికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారని, కంపెనీకి నష్టం చేస్తున్నారని ఫిర్యాదు. ముందు మగవాళ్ళను లాగారు. బిజయ్ ఈడ్చుకుపోయేటప్పుడు రోడ్డుకు తల తగిలి నెత్తురు కారింది. రాకేష్ అడ్డం పడితే నడుం మీద లాఠీ పడింది. వనజ గుచ్చుకున్న పట్టా జిరాక్సును ఒక కానిస్టేబుల్ పీకి కింద పడేశాడు. ఆమె వంగి తీసుకుని మడిచి పిడికిట్లో పెట్టుకుంది. ఎవరూ పారిపోలేదు. ముప్పై నాలుగు మందిని మూడు వ్యాన్లలో కుక్కి ఠాణాకు తీసుకుపోయారు. మిగిలినవాళ్ళకు వ్యాన్లలో చోటు లేక గేటు దగ్గరే వదిలేశారు.

ఠాణా గోడ మీది గడియారంలో పదీ ఐదు. హైదరాబాద్‌లో ఏదో హాలులో ఇప్పుడు తన నంబరు పిలుస్తుంటారు. రెండుసార్లు, మూడుసార్లు పిలిచి, పక్కన సున్న చుట్టి ముందుకు పోతారు. వనజ ఆ గడియారాన్ని చూస్తూ నిలబడింది. ఏడవకూడదనుకుంది కానీ ఏడ్చింది. ఇది గెలుపని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. పోయింది పోయినట్టే.

రైటరు కానిస్టేబుల్ పెద్ద పుస్తకం తెరిచాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు అడిగి రాసుకున్నాడు. తర్వాతి గడి దగ్గర ఆగి, తలెత్తకుండానే అడిగాడు.

"చదువు?"

రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు ఆమె నోట ఒకటే జవాబు. ఆ జవాబే ఇప్పుడూ నాలుక మీదికి వచ్చింది. మింగేసింది.

"ఎమ్మెస్సీ. ఆర్గానిక్ కెమిస్ట్రీ."

కానిస్టేబుల్ తలెత్తి ఆమెను చూశాడు. మళ్ళీ వంగి రాశాడు. తర్వాత రాకేష్, నడుం పట్టుకుని నిలబడి, "బీటెక్ మెకానికల్." రమ్యశ్రీ, "బీటెక్, ఈసీఈ." ఎంకాం. బీఫార్మసీ. ఎంబీఏ. ప్రతి ఒక్కరూ తమ చదువు పేరు గట్టిగా, నిలబడి చెబుతున్నారు. తలకు గుడ్డ కట్టుకున్న బిజయ్ "ఐటీఐ ఫిట్టర్" అన్నాడు. అందరూ అతని వైపు తిరిగి చూశారు. ఆ సంగతి వాళ్ళకు కూడా అప్పుడే తెలిసింది. లోపల కుర్చీలో కూర్చున్న ఎస్సై "ఏంటిది, కాలేజీ నుంచి పట్టుకొచ్చారా?" అని విసుక్కున్నాడు.

"తొమ్మిది ఫేలు" అంది పుష్పమ్మ తన వంతు రాగానే. "రాయి సారు. తొమ్మిదేండ్ల సంది సిరంజీల కంపెనీల పనిజేస్తున్ననని గూడ రాయి. ఎక్కడన్న ఒక్కకాడ నా పేరు పక్కన కంపెనీ పేరు పడనీ." కానిస్టేబుల్ కలం పైకెత్తి ఎస్సై వైపు చూశాడు. ఎస్సై ఫోన్‌లో ఉన్నాడు. చూసి, వంగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు.

పన్నెండు గంటలప్పుడు బయట ఏదో గోల వినబడింది. గేటు దగ్గర మిగిలిపోయినవాళ్ళు నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళ వెనక ఇంకెవరో కూడా ఉన్నారు. పక్క ప్లాంటులో సెలైన్ బాటిళ్ళు చేసేవాళ్ళు, వాళ్ళ మెమోలు కూడా అదే బీరువాలో రెండో అరలో ఉన్నవాళ్ళు. కంపెనీ టోపీలు ఇంకా నెత్తి మీదే ఉన్నాయి. చేతుల్లో పట్టాలు. జిరాక్సులు కావు, ఇన్నాళ్ళూ బట్టల కింద దాచిన అసలు పట్టాలు, దారిలో ఇళ్ళకు పోయి తెచ్చుకున్నవి. ఆవరణ నిండింది, రోడ్డు కూడా నిండింది. కిటికీ చువ్వల్లోంచి ఒక అమ్మాయి చెయ్యి లోపలికి పెట్టి తన పట్టా రైటరు బల్ల మీద పెట్టింది.

"మా పేర్లు గూడ రాసుకోండ్రి సార్. మేము గూడ అబద్ధమాడినం."

కానిస్టేబుల్ పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. కిటికీలోంచి వచ్చే చేతులు ఆగడం లేదు. చివరికి కలం బల్ల మీద పెట్టి, నుదురు తుడుచుకున్నాడు.

"ఇంతమందిని యాడ రాయాలె? పుస్తకంల కాయితాలు లేవు."

పుష్పమ్మ బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. "అయితే ఇంకోటి తెప్పియ్యి సారు" అంది. "ఇస్నాపూర్ కెల్లి ఇంక వస్తున్నరు."